నూకాలు మేడ

సింహాద్రి పని నుంచి రాగానే మొదట చేసేది ముక్కు చీదుకోవడం. వీధి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, ఒక పక్క వేలితో అదిమి రెండో పక్క నుంచి, మళ్లీ అటు అదిమి ఇటు నుంచి చీదేవాడు. నల్లగా వచ్చేది. తర్వాత చెవుల వెనక, మెడ ముడతల్లో, గోళ్ల కింద సబ్బు పెట్టి రుద్దుకునేవాడు. హార్బరు దారిలో ఉన్న బొగ్గు యార్డులో, నడిచే బెల్టు కింద రాలిన పొడిని పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోయడం అతని పని. ఎత్తుతున్నంతసేపూ రాలుతూనే ఉంటుంది. మూతికి తువ్వాలు చుట్టుకుంటాడు. సాయంత్రం విప్పి చూస్తే, ముక్కు ఎక్కడుందో నోరు ఎక్కడుందో ఆ తువ్వాలు మీద నల్లగా అచ్చుపడి ఉంటుంది.

ఒళ్లంటే కడుక్కోవచ్చు, బట్టల సంగతే వేరు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఆ వీధికి నీళ్లు వచ్చేదే కాసేపు. అందుకని ఆదివారం దాకా అదే చొక్కా, అదే ప్యాంటు. ఇంటికి తెచ్చిన బట్టల్ని పెళ్లాం పుష్ప గట్టిగా దులిపి చిలక్కొయ్యకి తగిలించేది. మునుపు గుమ్మం ముందే దులిపేది. ముగ్గు మీద మసి పడిందని ఒకరు, ఆరేసిన పసిపిల్ల గుడ్డలు నల్లబడ్డాయని ఇంకొకరు నోరు చేసుకున్నారు. ఎందుకొచ్చిన గొడవలే అని అప్పటి నుంచి తలుపు దగ్గరగా వేసి లోపలే దులుపుతోంది. ఉన్నది ఒకటే గది. చిలక్కొయ్య కిందే కూతురి మంచం. ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించకూడదనుకునే మనిషి పుష్ప.

కూతురు హరిచందనకి ఏడేళ్లు. చలికాలంలో పట్టుకున్న దగ్గు ఎండలు ముదిరినా వదల్లేదు. పడుకుంటే చాలు ఛాతీలో పిల్లికూతలు. కషాయాలయ్యాయి, మందుల షాపు కుర్రాడిచ్చిన సీసాలయ్యాయి, మరిడమ్మ గుడిలో వేపాకు మంత్రించడమూ అయింది. పుష్పకి వంట పనికి వెళ్లే ఇళ్లలో సెలవు దొరక్క, సింహాద్రే ఒకరోజు పని మానుకుని పిల్లని ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఏం పని చేస్తావని అతన్ని అడిగింది. చెప్పాడు. ఆవేళ ఉతికిన చొక్కాయే వేసుకున్నాడు గానీ, ఆమె చూసింది చొక్కాని కాదు, బల్ల మీద పెట్టిన అతని చేతి గోళ్లని. పని బట్టలు ఎక్కడ దులుపుతారని అడిగింది. ఇంట్లోనే అన్నాడు. పాప ఎక్కడ పడుకుంటుందని అడిగింది. అదీ చెప్పాడు. డాక్టరమ్మ రాయడం ఆపి అతని వంక చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు సింహాద్రికి గుర్తొచ్చింది, వీధిలో అందరూ అనుకునే మాట. "మా ఎదురు మేడ మీద సెల్లు టవరుందమ్మా. దాని వల్లేమైనా..." అన్నాడు. అడగడంలో కొంచెం ఆశ ఉంది.

"టవర్ల సంగతి పెద్ద పెద్దవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు. పూర్తిగా తేలలేదు. నీ కూతురి దగ్గు మాత్రం తేలిపోయింది. ఆ బట్టలు గుమ్మం దాటి లోపలికి రాకూడదు" అన్నదామె. పని మార్చుకోగలవా అని కూడా అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగకుండా, పీల్చే మందు ఎలా వాడాలో పిల్లకి చూపించడంలో పడింది.

బస్సులో హరిచందన అతని ఒళ్లో నిద్రపోయింది. మధురవాడ నుంచో ఎక్కడి నుంచో వస్తున్న కాలేజీ పిల్లలు చుట్టూ నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? ఉన్నది చెబితే పుష్ప తన రెండు చేతులూ చూసుకుంటుంది. పిల్ల నెత్తి మీద ఇన్నాళ్లూ మసి దులిపింది తనేనని తెలిశాక ఆ మనిషి అన్నం తినగలదా? అది ఒక భయం. రెండోది, పుష్ప ఊరుకోదు, ఆ పని మానెయ్యమంటుంది. మానేసి ఎక్కడికి పోతాడు? మొదటి భయం పెళ్లాం మీద ప్రేమ, రెండోది పిరికితనం. రెంటికీ ఒకే అబద్ధం సరిపోవడం అతనికి బాగా కలిసొచ్చింది.

"ఏటన్నారు?" అని గుమ్మంలోనే అడిగింది పుష్ప.

"ఏదో పడతనేదంట. దేని వల్లో తెల్దంట. మందిచ్చారు, పీల్చాల."

"తెల్దంటే మరి డాక్టరెందుకు?"

అతను పిల్లని తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టాడు. మర్నాడు పని నుంచి వచ్చి, చుట్టిన బట్టలు గుమ్మం పక్కన పెట్టి, ఇక నుంచి బయటే ఉండనీ అన్నాడు. మళ్లీ వాళ్లందరితో గొడవ పెట్టుకోమంటావా అని పుష్ప ఆ చుట్ట తీసుకుని లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసింది. కారణం చెబితే తప్ప ఆమెని ఆపలేడు. చెప్పలేదు. బయట నిలబడి ఆ దులుపు విన్నాడు. చొక్కా రెండు సార్లు, ప్యాంటు మూడు సార్లు. తర్వాత పిల్ల దగ్గు.

సింహాద్రి ఇంటికి ఎదురుగా ఉన్నది నూకాలు మేడ. ఆ వరసలో మేడ అదొక్కటే. పైన టవరు, టవరు మీద ఎర్ర దీపం. నూకాలు ఒంటరి మనిషి, యాభై దాటింది. సింహాద్రి ఆమెని అప్పా అని పిలుస్తాడు. సొంత అక్క కాదు, అంతకన్నా ఎక్కువే. హరిచందన బడి నుంచి వస్తే పుస్తకాల సంచీ పడేసేది నూకాలు అరుగు మీదే. తల్లి పని నుంచి వచ్చేదాకా అక్కడే అటుకులు, అక్కడే టీవీ, అక్కడే నిద్ర. నిజానికి ఆ పిల్ల తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది ఆ మేడలో ఉన్న కాసేపే. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

టవరు మీద యుద్ధం మొదలుపెట్టినవాడు వీధి సంఘం ప్రెసిడెంటు అచ్యుతరామయ్య. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. భార్య గంగాభవాని తలలో గడ్డ లేచి చచ్చిపోయింది. గడ్డ ఎందుకొచ్చిందని ఆయన ఎంతమంది డాక్టర్లని అడిగినా ఒక్కరూ చెప్పలేదు. కారణం లేని చావుని మోయడం కష్టం. అందుకని ఆయన రాత్రీ పగలూ ఫోనులో వీడియోలు చూసి కారణం సంపాదించుకున్నాడు. ఆ వీడియోలు ఆయనకి అందించేది ఆ టవరేనన్న ఆలోచన ఆయనకి రాలేదు, వచ్చినా పక్కకి నెట్టేసి ఉంటాడు.

ఆయన పెట్టిన అర్జీల మీద చివరికి ఒక ఇంజినీరు కొలిచే యంత్రం పట్టుకుని వచ్చాడు. వీధంతా చేరింది. ఆ కుర్రాడు నూకాలు మేడెక్కి, దిగి, నాలుగిళ్ల ముందు ఆగి, సింహాద్రి ఇంట్లో హరిచందన మంచం పక్కన కూడా యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. అంకె చిన్నదే చూపించింది. లిమిటులో చాలా తక్కువ భాగం అన్నాడు. సరిగ్గా అప్పుడే సింహాద్రి జేబులో ఫోను మోగింది. అంకె ఎగిరి పడింది. టవరు కన్నా జేబులో ఫోనే ఎక్కువండీ అని ఆ కుర్రాడు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆ లిమిటు పెట్టిందెవరు బాబూ?" అన్నాడు అచ్యుతరామయ్య.

గవర్నమెంటేనండి అన్నాడు కుర్రాడు.

"హాని జరగొచ్చు అని పెద్ద పెద్ద సంస్థలే రాసుకున్నాయండి. జరగదని పూచీ ఎవరైనా ఇచ్చారా? మా ఆవిడ పోయింది. నాకు ఆ జరగొచ్చు అన్న మాట చాలు."

కుర్రాడు యంత్రాన్ని పెట్టెలో పెట్టబోతూ, మంచం చివర ఆనించిన చెయ్యి చూసుకున్నాడు. అరచెయ్యి నల్లగా ఉంది. ఇదేంటండీ అని అడిగాడు. ఇక్కడంతేనండీ, గాలి అటు నుంచి తిరిగితే అని ఎవరో చెప్పారు. రుమాలుతో తుడుచుకుని వెళ్లిపోయాడు. కంపెనీ వాళ్లు ఇతన్ని కొనేశారని అతను వీధి మలుపు తిరగకముందే తేల్చేశారు.

అచ్యుతరామయ్య సింహాద్రి వైపు తిరిగాడు. "పాపని ఆసుపత్రికి తీసుకెళ్లావుటగా. డాక్టరు ఏమన్నారయ్యా?"

అందరూ అతని మొహం వంకే చూస్తున్నారు. గుమ్మంలో పుష్ప ఉంది. గోడకి ఆనుకుని నాగవంశీ ఉన్నాడు. యార్డుకి మనుషుల్ని పంపే మేస్త్రీ అతనే. ఆ వీధిలో ప్రతి రెండో ఇంట్లో అతను పనికి పెట్టిన మనిషి ఒకడుంటాడు. ఇందాక సింహాద్రి ఫోను మోగించింది కూడా అతనే, రేపు వస్తావా రావా అని. ఎదురుగా అరుగు మీద నూకాలు కూర్చుని ఉంది.

"టవరు మాట వచ్చింది" అన్నాడు సింహాద్రి. "దగ్గిర్లో టవరుంటే... సిన్నగుంటలికి... పిల్లలికి..."

అంతవరకే అన్నాడు. మిగతాది వీధి పూర్తి చేసుకుంది. టవరు మాట వచ్చిన సంగతి నిజమే. దాన్ని తెచ్చినవాడు తనేనన్నది చెప్పలేదు.

నూకాలు అరుగు దిగి అతని దగ్గరికి వచ్చింది. "నిజంగా అలాగన్నారేట్రా?"

"అలాగే అన్నారప్పా."

 గొడవ పడుతుందనుకున్నవాళ్లకి నిరాశే మిగిలింది. నూకాలు లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ సాయంత్రం నుంచి వీధి నూకాలుని వదిలేసింది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే తక్కిన బిందెలు కొంచెం జరిగేవి. పాలావిడ చెంబులో పోసి మాట్లాడకుండా పోయేది. పుష్ప కూతుర్ని తనతోపాటు వంట చేసే ఇళ్లకి తిప్పడం మొదలుపెట్టింది, అటు మాత్రం పంపలేదు. వీధి మొదట్లో ఒక ఫ్లెక్సీ లేచింది. మా పిల్లల్ని బతకనివ్వండి అని పెద్ద అక్షరాలు, కింద హరిచందన ఫొటో. బడిలో తీసిన ఫొటో అది. నవ్వుతోంది. దగ్గుతున్న ఫొటో కావాలని ఫ్లెక్సీ కుర్రాడు అడిగాడు గానీ, దగ్గుని ఫొటో తీయడం ఎవరికీ చేతకాలేదు.

అదే రోజుల్లో వీధిలో ఫోన్లు సరిగ్గా పలకడం మానేశాయి. మాట మాటకీ తెగిపోయేది. రైలు పట్టాల దాకా నడిచి, చెయ్యి పైకెత్తి, హలో హలో అని అరిచేవారు. ప్రాణాలు తీయడానికి పనికొచ్చే టవరు సిగ్నలివ్వడానికి పనికిరాదా అని తిట్టుకున్నారు. టవరు వల్ల తలనొప్పి ఎక్కువైందని ఇద్దరు, పళ్లు జిల్లుమంటున్నాయని ఒకరు, కోడి గుడ్డు పెట్టడం లేదని ఇంకొకరు. అచ్యుతరామయ్య అన్నీ శ్రద్ధగా విన్నాడు.

మరిడమ్మ పండగ దగ్గర పడింది. పండగనాడు అమ్మవారి ఘటం వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. ఇంటి ఆడది ఘటం మోసేవాడి కాళ్ల మీద పసుపు నీళ్లు పోసి, చలివిడి పెట్టి, ఏదైనా అడగాలంటే అడుగుతుంది. ఘటం నెత్తిన ఉన్నంతసేపూ మోసేవాడి నోట వచ్చింది అమ్మ మాట. ఆ ఘటం మోసేది సింహాద్రి. తండ్రి తర్వాత అతనికే వచ్చింది. అమ్మ తన మీదికి ఎప్పుడూ రాలేదని అతనికి తెలుసు. బరువు వచ్చేది, మెడ నొప్పి వచ్చేది, డప్పులకి చెవులు గింగురుమనేవి. అడిగిన ప్రతి ఆడదానికీ సల్లగుంటావు తల్లీ అనేవాడు. వాళ్లు కళ్లు తుడుచుకుని లోపలికి పోయేవారు. అందులో తప్పేముంది అనుకునేవాడు.

సంఘం వాళ్లు పిలిచి చెప్పారు, ఈ ఏడు ఘటం నూకాలు గుమ్మం ముందు ఆగకూడదని. పిల్లల ఊపిరి తీసే ఇంటికి అమ్మ చల్లదనం ఎందుకని అచ్యుతరామయ్య అన్నాడు. ఆయనకి ఆ దేవతలో పెద్ద నమ్మకం లేదు గానీ వీధి నమ్మకం ఎంత పని చేస్తుందో బాగా తెలుసు. సరేనన్నాడు సింహాద్రి. ఒక అబద్ధం ఆడినవాడికి సరే అనడం తప్ప వేరే దారి ఉండదు.

పండగ ముందురోజు తెల్లారగట్ల కుళాయి దగ్గర నూకాలు ఒక్కతే కనిపించింది. అందరూ రాకముందే పట్టుకుపోవడం అలవాటు చేసుకున్నట్టుంది. సింహాద్రి వెనక్కి తిరగబోయాడు. ఆమె పిలిచింది.

"గుంటకెలాగుందిరా?"

"అలాగే ఉందప్పా."

నూకాలు బిందెని కుళాయి కింద నుంచి పక్కకి జరిపి, నీళ్లు కట్టేసింది. నీళ్ల చప్పుడు ఆగాక చెప్పింది.

"నువ్వు డాక్టరు మాట సెప్పిన రోజే నాను టవరు కరెంటు తీసీసినాను. కంపెనీవోడొస్తే మెట్ల కాడ తాళం ఇవ్వనేదు. ఎవులికీ సెప్పనేదు. సెప్తే భయపడి సేసిందనుకుంతారని. గుంట మంచికని సేసినాను. మరెందుకు తగ్గనేదు? ఆ యిషం లోపల పట్టీసిందేటి? రోజూ నా ఒళ్లోనే కదరా పడుకున్నాది."

ఆమె ఏడవడం లేదు. నిజంగా అడుగుతోంది. వీధిలో ఎవరూ నమ్మనంతగా ఆమె నమ్మింది. తిట్టినవాళ్లంతా తిట్టి అన్నం తిని పడుకున్నారు. ఈమె ఒక్కతే లేచి మీట దించింది. ఆ ఎర్ర దీపం వెలగడం మానేసి అన్నాళ్లైనా తల పైకెత్తి చూసినవాడు ఒక్కడూ లేడు. సింహాద్రి కూడా చూడలేదు.

చెప్పేయాలి. ఒక్క మాట. నోరు తెరిచాడు. అటు నుంచి బిందెల చప్పుడు వినిపించింది, ఎవరో ఇద్దరు వస్తున్నారు. మందు వాడుతున్నాం అప్పా, తగ్గుతుంది అన్నాడు. నూకాలు సగం నిండిన బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

పండగనాడు పొద్దున్నుంచి ఏమీ తినకుండా, పసుపులో ముంచిన పంచె కట్టుకుని, వేపాకు చుట్టిన ఘటం నెత్తినెత్తుకున్నాడు సింహాద్రి. ఎండ మండిపోతోంది. డప్పులు ముందు, జనం వెనక. గుమ్మం గుమ్మానికీ ఆగాడు. కాళ్ల మీద పసుపు నీళ్లు పడుతుంటే హాయిగా ఉండేది, రెండడుగులు వేసేసరికి ఆరిపోయేది. సల్లగుంటావు తల్లీ అన్నాడు. కొడుక్కి పెళ్లవుతుందా అని అడిగిన ఆమెకీ అదే, మోకాలి నొప్పి అడిగిన ముసలామెకీ అదే. తన గుమ్మం ముందు పుష్ప పసుపు నీళ్లు పోసింది. పక్కన హరిచందన చలివిడి పళ్లెం పట్టుకుని, దగ్గు ఆపుకోవడానికి పెదాలు బిగించుకుని నిలబడింది. పుష్ప కొంగు చాచి, నా గుంట దగ్గు ఎప్పుడు పోద్ది తల్లీ అని అడిగింది. పెళ్లాం తననే అడుగుతోంది. సల్లగుంటాది అన్నాడు. 

తర్వాతది నూకాలు మేడ. డప్పులవాళ్లకి ముందే చెప్పి ఉంచారు. ఆగకుండా ముందుకు పోయారు. సింహాద్రి ఓరకంట చూశాడు. నూకాలు గుమ్మం కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. చేతిలో రాగి చెంబు. ఆగమని ఆమె అడగలేదు. అలా నిలబడి ఉంది, అంతే. సింహాద్రి రెండడుగులు ముందుకు వేశాడు. మూడోది పడలేదు.

వెనక జనం ఒకరి మీద ఒకరు పడి ఆగారు. పదవయ్యా అని అచ్యుతరామయ్య మెల్లగా అన్నాడు. సింహాద్రి తిరిగి నూకాలు గుమ్మం ముందుకి వెళ్లి నిలబడ్డాడు. డప్పులు తడబడి ఆగిపోయాయి. ఘటం నెత్తిన ఉన్న మనిషిని చెయ్యి పట్టి లాగే ధైర్యం ఎవరికీ లేదు.

నూకాలు అతని కాళ్ల మీద పసుపు నీళ్లు పోసింది.  లేచి నిలబడి, కుళాయి దగ్గర అడిగిందే మళ్లీ అడిగింది. ఈసారి అతన్ని కాదు.

"ఆ గుంటని నా మేడే తినేత్తందా తల్లీ? అయితే సెప్పు. ఇల్లు కూల్సీమన్నా కూల్సీస్తాను."

సల్లగుంటావు అంటే సరిపోతుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. ఘటం బరువు మెడ మీద నుంచి వీపులోకి దిగుతోంది. ఎదురుగా ఆ మొహం. ఇన్నేళ్లూ అమ్మ పేరు చెప్పి ఎంతమందికి ఎన్ని చెప్పాడో. ఈ ఒక్క మనిషికి ఆ మాట చెప్పలేకపోయాడు.

"నీ మేడ గాదు" అన్నాడు. "బొగ్గు. ఇంట్లో దులిపిన గుడ్డల మీది బొగ్గు. డాక్టరు సెప్పిందదే. టవరని సెప్పనేదు."

 పట్టాల మీద వ్యాగన్లు వెళ్తున్న చప్పుడు అందరికీ వినిపించింది. అందులో ఏముందో అందరికీ తెలుసు. ఎవరూ అటు చూడలేదు. ఒకడు చెప్పుల వంక, ఒకడు డప్పు వంక చూసుకున్నారు. ప్రతి రెండో ఇంట్లోనూ ఆ బొగ్గు మీద బతికేవాడు ఒకడున్నాడు. నాగవంశీ జేబులో చేతులు పెట్టుకుని సింహాద్రినే చూస్తున్నాడు. కోపంగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టు.

చివరికి గుంపులో ఒక ముసలాయన దారి చూపించాడు. "అమ్మ రానేదు ఈడి మీదికి. పొద్దున్నుంచి తిననేదు, ఎండకి బుర్ర తిరిగింది."

అంతే, అందరికీ ఊపిరి వచ్చింది. అవును ఎండకే అన్నారు. పాపం ఉపవాసం అన్నారు. మోకాలి నొప్పి తగ్గుతుందని అతను చెబితే అది అమ్మ మాట. కొడుక్కి పెళ్లవుతుందని చెబితే అమ్మ మాట. పుట్టి బుద్ధెరిగాక ఘటం కింద నుంచి అతను పలికిన ఒకే ఒక్క నిజం ఎండ దెబ్బ. ఎవరో నిమ్మరసం తెచ్చారు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి, ఇంతకు ముందుకన్నా గట్టిగా.

నమ్మినవాళ్లు ఇద్దరే. నూకాలు ఖాళీ చెంబు పట్టుకుని, గుమ్మంలో చలివిడి పళ్లెం అలాగే వదిలేసి, మేడ మెట్లెక్కిపోయింది. రెండోది పుష్ప. ఎదురు గుమ్మంలో నిలబడి ఆమె తన అరచేతులు చూసుకుంటోంది. వెనక్కీ, ముందుకీ తిప్పి చూసుకుంటోంది.

ఆ రోజు పొద్దుపోయాక సింహాద్రి ఇంటికి వచ్చేసరికి గది వాసన మారిపోయి ఉంది. మంచం చిలక్కొయ్య కింద నుంచి కిటికీ పక్కకి వచ్చింది. గోడలు నిలువెత్తు తుడిచి ఉన్నాయి. దుప్పటి, దిండు గలీబు, పిల్ల గౌన్లు, అతని పని బట్టలు అన్నీ ఉతికి ఆరేసి ఉన్నాయి. గుమ్మం పక్కన బకెట్టులో నీళ్లు తారులా ఉన్నాయి. పుష్ప ఇంకా నేల రుద్దుతూనే ఉంది. అతను పిలిచాడు.  ఆమె తల ఎత్తకుండా ఒక మాట అంది.

"నీకు తెలిసినాక కూడా దులిపించినావు. బయట నిలబడి విన్నావు."



మర్నాడు పొద్దున్నే టవరు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. వీధిలో ఫోన్లన్నీ శుభ్రంగా పలుకుతున్నాయి. ఆ సిగ్నలుతో అచ్యుతరామయ్య చేసిన మొదటి ఫోను టవరు మీద ధర్నా గురించి. ఫ్లెక్సీ అక్కడే ఉంది, హరిచందన అందులో నవ్వుతూనే ఉంది. కుళాయి దగ్గర నూకాలు అతన్ని దాటుకుని పోయింది. సింహాద్రీ అని పిలవలేదు. తన మీద పడ్డ నింద అబద్ధమైనందుకు సంతోషించాలో, దాన్ని వేసింది వీడేనని తెలిసినందుకు ఏడవాలో ఆమెకి తెలిసినట్టు లేదు.

యార్డు గేటు దగ్గర నాగవంశీ ముందే నిలబడి ఉన్నాడు. సింహాద్రిని పాసు మిషను మీద పెట్టనివ్వలేదు. పక్కకి తీసుకెళ్లి, బీడీ ఇచ్చి, తనే అగ్గిపుల్ల గీశాడు.

"నాలుగు రోజులు ఇంటికాడుండు బావా. మాట పైవోళ్ల దాకా ఎలిపోనాది."

"అమ్మ మాటది. నాను అననేదు" అన్నాడు సింహాద్రి. నిన్న వీధి ఒప్పుకోనిది ఇవాళ తనకి పనికొస్తుందేమోనని ఆశ.

"అమ్మకి గేటు పాసక్కర్లేదు బావా" అన్నాడు నాగవంశీ. వెటకారంగా అనలేదు. అతనికీ దగ్గొచ్చి, పక్కకి తిరిగి ఉమ్మి, చెప్పుతో మట్టి కప్పేశాడు.

పారలు పట్టుకుని లోపలికి పోతున్నవాళ్లు ఒక్కరూ సింహాద్రిని పలకరించలేదు. కాసేపు గేటు బయట నిలబడి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

వీధిలోకి వచ్చేసరికి పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. అలవాటు కొద్దీ కుళాయి దగ్గర కూర్చుని ముక్కు చీదాడు. ఏమీ రాలేదు. మొహం కడుక్కోవాల్సిన పని కూడా లేదు. చొక్కా విప్పి చుట్టి, గుమ్మం బయట పెట్టి అక్కడే నిలబడ్డాడు.

పుష్ప పనికి పోలేదు. లోపల హరిచందన దగ్గుతోంది. పుష్ప బయటికి వచ్చి, ఇంత బేగి ఎందుకొచ్చావని అడగకుండా, ఆ చుట్ట తీసుకుంది. తలుపు వెయ్యలేదు. నడుచుకుంటూ వీధి మధ్యకి వెళ్లింది, ముగ్గులన్నిటి మధ్యకి. గుమ్మాల్లో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు, ఏదో అనడానికి. ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ఆవేళ వాళ్లకీ తనకీ తేలిపోయేటట్టుంది ఆమె నిలబడ్డ తీరు. చొక్కా రెండు భుజాల దగ్గరా పట్టుకుని, చేతులు పైకెత్తి, ఉన్న బలమంతా పెట్టి దులిపింది.

ముగ్గులు తెల్లగానే ఉన్నాయి. పుష్ప చొక్కా తిరగేసి చూసి, మరోసారి దులిపింది. ఏమీ రాలలేదు. అప్పుడు మొగుడి మొహం వంక చూసింది.